మహిమలో తాత వాటా

అరవైల్లో, రామన్నపేట పక్కన మా ఊరి గొర్రెలకాపరుల్లో ఒక కట్టుబాటు ఉండేది. వానాకాలమంతా మంద వెంట తిరిగినవాళ్లకే పుట్టిన గొర్రెపిల్లల్లో వాటా.

ఒక ఆదివారం చర్చిలో పాస్టరుగారు, క్రీస్తుతో శ్రమపడితేనే ఆయనతో పాటు వారసులమై మహిమ పొందుతామన్నారు.

“మా మందల గూడ గదే కట్టు అయ్యగారూ,” అంది మా అవ్వ, కూర్చున్నచోటు నుంచే.

అందరూ మా తాత వంక చూశారు. మోకాళ్ల నొప్పి పేరు చెప్పి ఆయన మందకు పోక రెండేళ్లయింది.

మర్నాడు తాత గొంగడి కప్పుకొని మంద వెంట వెళ్లాడు. మధ్యాహ్నానికే, గొర్రెల్ని తన తమ్ముడికి అప్పగించి, ఇంటికొచ్చి కూర్చున్నాడు.

“గిప్పుడే వస్తివేంది?” అంది అవ్వ.

“మబ్బు పట్టింది. ఇగ నాకు వాటా ఉన్నట్టే గదా?”

అవ్వ జొన్నరొట్టె పెడుతూ నెమ్మదిగా అంది: “ఆ ప్రభువు గూడ మబ్బు చూసి ఇంటికొస్తే, మనకు మహిమ యాడికెల్లొచ్చేది?”