మడుగులో పుచ్చకాయలు

ఒక్క చేప కూడా పట్టకుండా, నలభై మందిని ట్రౌట్ చేపల వాగు మీదికి దండయాత్రకు నడిపించిన తెలుగువాడు అమెరికాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. రెండు డేగిసల పులిహోర, ఆరు పుచ్చకాయలు, మూడు పేక కట్టలు, ఒక టేప్‌రికార్డరు. ఏర్పాట్లలో లోటు లేదు. ఈ ఘనకార్యం అందరూ మరిచిపోయారనుకుంటుండగా, పోయిన నెల శాన్ రామన్‌లో ఒక పెళ్ళిలో జుట్టు నెరిసిన పెద్దమనిషి ఒకడు వచ్చి నన్ను వాటేసుకున్నాడు. "అంకుల్, మీరు రివర్ పిక్నిక్ అంకుల్ కదా! నేను అప్పుడు సిక్స్ ఇయర్స్. బెస్ట్ డే అంకుల్, రియల్లీ. ఆ ప్లేస్ ఎక్కడ? మా కిడ్స్‌ని తీసుకెళ్తా." మరిచిపోయానని చెప్పాను. అబద్ధం. దారిలో ప్రతి మలుపూ గుర్తుంది.

డెబ్బైల చివర మేం షాంటిలీలో ఇల్లు కొన్నప్పుడు మా వెనక ఇంకా మొక్కజొన్న చేలుండేవి. ఎదురింట్లో రిటైరైన పోస్ట్‌మాన్, భార్య పోయిన మనిషి, ఒక్కడే ఉండేవాడు. ఒకరోజు నిచ్చెన అడుగుదామని వెళ్తే, గరాజ్‌లో బల్ల ముందు కూర్చుని, కంటికి భూతద్దం పెట్టుకుని, గోరంత కొక్కేనికి కోడి ఈక చుడుతున్నాడు. కాస్త దూరం నుంచి చూస్తే అచ్చం ఈగే. చేప కూడా అలాగే అనుకుని నోరు తెరుస్తుందట. నకిలీ సరుకును ఇంత శ్రద్ధగా తయారుచేసే మనిషిని మా నాన్న కొట్టున్న చీరాల బజార్లో కూడా నేను చూడలేదు, గౌరవం కలిగింది. ఈగ నడుముకి చుట్టడానికి సన్నటి బంగారు తీగ ఎక్కడా దొరకడం లేదని గొణిగాడు. నేను అక్కడికక్కడే బేరం పెట్టాను: తీగ నేనిస్తాను, మీరు నన్ను కూడా చేపల వేటకి తీసుకెళ్ళాలి. ఇంటికెళ్ళి మా ఆవిడ పాత పట్టుచీర అడిగాను. "పెళ్ళిచీర జరీ చేపలకి కడతారా? మామయ్యగారి కొట్లో కూడా ఇంత దిక్కుమాలిన బేరం జరిగుండదు" అంది. అంచు కత్తిరించి ఇచ్చింది మాత్రం తనే.

ఆ తర్వాత మూడు వేసవులు, ప్రతి శనివారం తెలతెలవారుతుండగా ఆయన స్టేషన్ వాగన్ మా ఇంటి ముందు ఆగి ఒక్కసారి హార్న్ కొట్టేది. బ్లూ రిడ్జ్ కొండల్లోకి గంటన్నర, ఆపైన కంకర రోడ్డు, ఆపైన కాలిబాట. మొదటి రోజు ఆ బాట మొదట్లో ఆయన ఒకే షరతు పెట్టాడు. "ఈ చోటు ఎవరికీ చెప్పకు. మా తమ్ముడిక్కూడా నేను చెప్పలేదు." తమ్ముడికి చెప్పనిది నాకెందుకు చెప్పాడో అడగలేదు. ఈ దేశంలో అంతటి మర్యాద నాకింకెవరూ చేయలేదు.

వాగు నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చేవి. మొదటి పది నిమిషాలు ఆ చలికి కాళ్ళు నావేనా అనిపించేది. తడిసిన నాచు వాసన, హెమ్లాక్ చెట్ల నీడ, రాళ్ళ సందుల్లో నీళ్ళు తమలో తాము మాట్లాడుకునే చప్పుడు. ట్రౌట్లు ప్రవాహానికి ఎదురుగా చూస్తూ నిలబడతాయి కనక మనం దిగువనుంచి, వాటి వెనకనుంచి వెళ్ళాలి. మధ్యాహ్నం కునుకు తీస్తున్న నాన్న పక్కనుంచి గల్లాపెట్టె దాకా నడిచిన అనుభవం నాకు అక్కడ అక్కరకొచ్చింది. మనిషి నీడ నీటి మీద పడిందా, ఆ పూటకి అంగడి మూసినట్టే. ఆయన మొదట పట్టింది జానెడైనా లేదు. పక్కల ఎర్రచుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ నీలిరంగు గీత. చెయ్యి తడుపుకుని పట్టుకున్నాడు, కొక్కెం తీశాడు, వదిలేశాడు. మేమెలాగూ చేపలు తినం, నాకు పేచీ లేదు. కాని సరుకు తీసుకోకుండా వెనక్కి వచ్చే వ్యాపారం బోధపడలేదు. మా అమ్మ గుర్తొచ్చాక బోధపడింది. బట్టల కొట్లో నలభై చీరలు విప్పించి, ఒక్కో అంచూ వేలితో తడిమి, "మళ్ళీ వస్తాంలే నాయనా" అని లేచొచ్చేది. ఆ రోజంతా ఆవిడ ముఖం వెలిగిపోతుండేది.

మధ్యాహ్నం ఒక బండ మీద ఆయన సాండ్‌విచ్, నేను దిబ్బరొట్టె. రోజంతా కలిపి పది మాటలుండేవేమో. నా జన్మలో నేను నోరు మూసుకుని సుఖంగా ఉన్న గంటలు అవే.

మూడో వేసవిలో మనవాళ్ళ పిక్నిక్‌కి బుక్ చేసిన పార్కు ఆఖరి వారంలో కాన్సిలైంది. ఫోన్ల మీద ఫోన్లు. "ఏం చేద్దామండీ, మా బేస్‌మెంట్‌లోనే చాపలు పరుచుకుందామా?" అని ఒకాయన నిష్ఠూరం. అప్పుడు నా నోరు అంది: "నాకో చోటు తెలుసు." అవతలి గొంతుకి ప్రాణం లేచొచ్చింది. ఆ క్షణంలో నేను పెరిగినంత ఎత్తు మళ్ళీ ఎప్పుడూ పెరగలేదు. మంచి సరుకు దొరికితే వీధంతా చాటాలని నేర్చుకున్న రక్తం మరి. పైగా తెలివి చూడండి: ఎదురింటాయన వెళ్ళేది శనివారం కనక పిక్నిక్ ఆదివారం పెట్టించాను. శనివారం వంట సరంజామా ఉంది కనక నాకు జ్వరమని ఆయనకి చెప్పాను. నాకు జ్వరమైతే తనూ ఆగిపోయి, ఆదివారం వెళ్దామనుకుంటాడని మాత్రం నాకు తట్టలేదు.

ఆదివారం వాగు మడుగులో ఆరు పుచ్చకాయలూ చల్లబడుతూ తేలుతున్నాయి. పిల్లలు రాళ్ళతో ఆనకట్ట కడుతున్నారు. ఒకావిడ డేగిస సబ్బు పెట్టి తోముతుంటే నురగ దిగువకి సాగిపోతోంది. తలెత్తి చూస్తే బాట మలుపులో ఆయన, చేతిలో గాలపు కర్ర. నా దగ్గరికి వచ్చి, "జ్వరం తగ్గిందా?" అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. ఆ తర్వాతే మడుగు వైపు చూశాడు.

"ఎవరండీ తాతగారు? ఫారెస్ట్ ఆఫీసరా? ఫైన్ వేస్తాడా ఏం?" అని పేక దగ్గరనుంచి కేక. "మా ఎదురిల్లు" అన్నాను. మా ఆవిడ ఒక్కతే సంగతి గ్రహించి ప్లేటు నింపి తెచ్చింది. ఆయన బండ మీద కూర్చుని, మెతుకు మిగల్చకుండా తిని, చాలా బాగుందన్నాడు. ప్లేటు మడిచి, కింద పడున్న ఇంకో నాలుగు ప్లేట్లు ఏరి సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి శనివారం బూట్లు వేసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. హార్న్ మోగలేదు. తొమ్మిదింటికి ఆయన గడ్డి కోస్తుంటే రోడ్డు దాటి వెళ్ళి, తప్పయిందని చెప్పాను. మెషీన్ ఆపి, ఓపిగ్గా విన్నాడు. "అది నాది కాదుగా, పబ్లిక్ లాండ్. ఎవరైనా వెళ్ళొచ్చు" అన్నాడు మెల్లగా. కొట్లో పెరిగినవాడికి ఇది తెలుసు: అరిచి పోట్లాడినవాడు రేపు మళ్ళీ వస్తాడు, పర్వాలేదండీ అని మర్యాదగా మెట్లు దిగినవాడు ఇక రాడు.

ఇప్పుడు కూర్చుని నిజాయితీగా లెక్క చూసుకుంటే, నీళ్ళు ఆ సాయంత్రానికే తేరుకుని ఉంటాయి. చేపలు మరుసటి వేసవికి కనిపించాయి. ఒక్కణ్ణే వెళ్ళి చూసొచ్చాను. వచ్చిన నలభై మందీ సంతోషంగా ఇళ్ళకు చేరారు, అది నేను కొట్టేయను. కూతురొచ్చి ఒహాయో తీసుకెళ్ళేదాకా ఆయన మా ఎదురింట్లోనే మరో ఆరు వేసవులున్నాడు. కనబడితే చెయ్యి ఊపేవాడు, వానల గురించి మాట్లాడేవాడు. ఆ తర్వాతి ఏళ్ళు కాలం తీసుకుంది; అది ఎవరి దగ్గరైనా తీసుకుంటుంది, దాంతో బేరం లేదు. ఆ ఆరు వేసవులు మాత్రం కాలం తీసుకున్నవి కావు, నా నోరు పోగొట్టినవి.