కోర్టు లేచేదాకా

ఆ రోజుల్లో నాకు రెండు నమ్మకాలుండేవి. ఒకటి, నిజం చెబితే పోలీసు వదిలేస్తాడని. రెండు, కల్లు మందు కాదని. ఈ రెండోది నా ఒక్కడిదే కాదు, మా ఇంటిల్లిపాదిదీ. మా తాత చెట్టెక్కాడు, మా మేనమామ చెట్టెక్కుతున్నాడు. "సీసల అచ్చేది మందు, చెట్టు ఇచ్చేది కల్లు" అన్న మాట పుట్టినప్పటి నుంచి వింటూ పెరిగినవాడికి ఇరవై నాలుగేళ్లు వచ్చేసరికి అది బాగా ఒంటబట్టిపోతుంది. రెండు నమ్మకాలూ ఒకే సాయంత్రం ఒకే గొట్టంలోకి ఊదితే పోయాయి. ఇప్పుడు చెబుతుంటే నాకే నవ్వొస్తోంది గానీ, ఆ తర్వాత మూడు వారాలు బస్టాండుల్లో, వరండాల్లో నిలబడి పడిన అలసట తలచుకుంటే ఇప్పటికీ కాళ్లు పీకుతాయి.

అప్పటికి విత్తనాల కంపెనీలో చేరి నాలుగు నెలలు. కోరుట్లలో ఇంకో అతనితో కలిసి గది అద్దెకు తీసుకున్నాను. పని అంటే బండి మీద తిరగడమే. కోనరావుపేట, రుద్రంగి, ఆ చుట్టుపక్కల ఊళ్లలో పొలం గట్టున నిలబడి, ఆకు తిరగేసి చూసి, "ఏం గాదు పెద్దనాయినా, తగ్గిపోతది" అనడం. (అది ఏ పురుగో అప్పటికే రైతుకు తెలిసి ఉండేది. నా మర్యాద కోసం అడిగేవాడు.) చేరిన రోజే మా మేనేజరు ఒక్క మాట చెప్పాడు: "నీ డిగ్రీ పోయినా నడుస్తది, లైసెన్సు పోతే నడువది." ఆ మాట గుర్తుంది కాబట్టే హెల్మెట్ పెట్టుకునేవాణ్ని, కాగితాలన్నీ పెట్టుకునేవాణ్ని. ఇంత జాగ్రత్తపరుణ్ని కల్లు పట్టిస్తుందని కలలో కూడా అనుకోలేదు.

ఒకరోజు రుద్రంగి నుంచి మామ ఫోన్ చేశాడు. "అల్లుడా, కొత్త తాటిచెట్టు గీస్తున్న. రేపు ఎల్లమ్మకు శాక పోసినంక తొలి కల్లు నీకే. పొద్దుగాల్నే రా." మా ఇళ్లలో కొత్త చెట్టు తొలి కల్లు అమ్మవారి ముందు శాకగా నేల మీద ధారపోశాక మేనల్లుడికి పోయడం ఆనవాయితీ. వద్దంటే అటు అమ్మవారికీ ఇటు మామకూ కోపం. పొద్దున్నే రమ్మంటే నేను మూడు ఊళ్లు తిరిగి, మధ్యాహ్నం మూడింటికి చేరుకున్నాను. మామ కల్లు లొట్టి మీద తడిగుడ్డ కప్పి నీడన పెట్టుకుని కూర్చున్నాడు. తాటాకు దొప్పలో పోస్తే తాగాను. ఒకటి కాదు, నాలుగు దొప్పలు. "ఏంది మామా, గింత గట్టిగున్నది?" అంటే, "కొత్త చెట్టు గదరా, బలముంటది" అన్నాడు.

ఆ బలం ఎంతో కోరుట్ల పొలిమేరలో తేలింది. ఎండ ఇంకా పూర్తిగా తగ్గలేదు, రోడ్డు పక్కన పోలీసులు బండ్లు ఆపుతున్నారు. "తాగినవా తమ్మీ?" అని అడిగాడు ఎస్సై. "లేదు సార్" అన్నాను, మనస్ఫూర్తిగా. ఊదాను. యంత్రం కుయ్యిమంది. "మరి గిదేంది?" "అది మందు గాదు సార్, కల్లు. మా మామ గీసిన తాటి కల్లు. ఎల్లమ్మకు శాక పోసినంకనే తాగిన." ఆయన కోప్పడలేదు. పొద్దుటి నుంచి నిలబడ్డ మనిషిలా ఉన్నాడు, చాలా ఓపికగా, "మిషన్‌కు గవన్నీ తెల్వయి తమ్మీ. ఇంకోసారి ఊదు" అన్నాడు. నా నిజాయితీ రుజువు చేసుకోవాలని ఈసారి ఇంకా గట్టిగా ఊదాను. అంకె ఇంకా పెరిగింది. బండి పెట్టించుకుని, లైసెన్సు తీసుకుని, మూడు వారాల తర్వాత జగిత్యాల కోర్టుకు రమ్మని కాగితం చేతిలో పెట్టాడు. గదికి నడుచుకుంటూ పోయాను.

ఇక మొదలైంది అసలు గొడవ. వకీలును పెట్టుకోవాలా, వద్దా? నా గదిలో ఉండే అతన్ని అందరం సెక్షనన్న అనేవాళ్లం, పోలీసు ఉద్యోగం పరీక్షలకు చదివి చదివి ప్రతిదానికీ ఒక సెక్షన్ చెప్పేవాడు కాబట్టి. "వకీలు ఎందుకురా? తప్పైందను, ఫైన్ కట్టు, ఇంటికి రా" అన్నాడు పొద్దున. నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకునేలోపే, సాయంత్రం, "కానీ తప్పైందని నువ్వే ఒప్పుకుంటివనుకో, లైసెన్సు ఆర్నెల్లు ఆపుతరేమో" అన్నాడు. దాంతో పొద్దున వద్దనుకున్న వకీలు సాయంత్రానికి కావాల్సి వచ్చేవాడు. కంపెనీలో బండి రిపేరుకు ఇచ్చానని చెప్పి బస్సుల్లో తిరుగుతున్నాను. కిటికీ పక్కన కూర్చుని ఒక ఊళ్లో పెడదామనుకునేవాణ్ని, పక్క ఊళ్లో వద్దనుకునేవాణ్ని. రాత్రికి ఒళ్లు హూనమయ్యేది తప్ప ఏ సంగతీ తేలేది కాదు.

మామకు మాత్రం ఏ సందేహమూ లేదు. "వకీలును పెట్టాలె! నా కల్లును మందంటరా? అండ్ల ఏదో పౌడర్ కలిపిన్నని ఊరంత గుసగుసలు మొదలైనయి. ముప్పై ఏండ్ల సంది గీస్తున్న, ఒక్కనాడన్న ఒకలకు కడుపునొచ్చిందా?" నా లైసెన్సు కంటే ఆయన లొట్టి పరువు పెద్దదైపోయింది. కలిపిన కల్లు అన్న పేరు పడితే గీతకార్మికుడి దగ్గరికి ఎవరూ రారు. అందుకే ఒకరోజు ఇద్దరం జగిత్యాలలో ఒక వకీలు దగ్గరికి బయల్దేరాం. మామ ఒక చేత్తో ధోవతి పట్టుకుని, ఇంకో చేత్తో లొట్టి పట్టుకుని బస్సెక్కాడు. "ఇదెందుకు మామా?" "సాక్ష్యం" అన్నాడు.

ఆ సాక్ష్యం దారి పొడుగునా ఎండలో పొంగుతూనే ఉంది. మూతికి కట్టిన గుడ్డలోంచి నురగ కారి ముందు సీటులో కూర్చున్న ఒకాయన చెప్పుల మీద పడింది. కండక్టరు మమ్మల్ని రెండుసార్లు వెనక సీటుకు జరిపి, మూడోసారి జరపడానికి సీటు లేక ఊరుకున్నాడు. వకీలు గది బయట రెండు గంటలు కూర్చున్నాక లోపలికి పిలిచారు. ఆయన పెద్దాయన, మాకంటే అలసిపోయి ఉన్నాడు. మామ గుడ్డ విప్పి, "చూడుండ్రి సార్, ఏమన్న కలిపితే చెప్పుండ్రి" అని లొట్టి బల్ల మీద పెట్టాడు. ఆయన వాసన చూసి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"కల్పలేదు, నిజమే. ఎప్పుడు దించినవ్?"

"పొద్దుగాల ఆరింటికి సార్."

"ఇప్పుడు ఒంటిగంట. ఇది ఊదితే మిషన్ కాలిపోతది. మరి ఆనాడు మీ అల్లుడు ఎన్నింటికి తాగిండు?"

మామ నావైపు చూశాడు. నేను గోడ గడియారం వైపు చూశాను. పొద్దుటి కల్లు మధ్యాహ్నానికి ఎంత పులుస్తుందో ఈ జిల్లాలో అందరికంటే ఎక్కువ తెలిసినవాడు మామ. నేను వస్తానని ఎవరికీ పోయకుండా తొమ్మిది గంటలు దాచిపెట్టాడు. పులిసిందని చెబితే నేను తాగనేమోనని కొత్త చెట్టు బలమన్నాడు. వకీలు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "నన్ను పెట్టుకుంటే వాయిదాలు పడుతయి, ఎన్ని పడుతయో నాకే తెల్వది. ఒప్పుకుంటే ఒక్కరోజుల అయితది. లైసెన్సు మాత్రం జడ్జి మేడం ఇష్టం. ఆలోచించుకో తమ్మీ" అన్నాడు. ఫీజు కూడా తీసుకోలేదు. లొట్టి మాత్రం వెంటనే తీసుకుపొమ్మన్నాడు.

చివరికి వకీలు లేకుండానే పోయాను. ధైర్యంతో కాదు, ఇంకో వరండాలో నిలబడే ఓపిక లేక. 'తప్పైంది మేడం' అన్న రెండు ముక్కలు గదిలో సెక్షనన్న ముందు పదిసార్లు చెప్పి చూసుకున్నాను. తీరా పేరు పిలిచి, జడ్జి మేడం తలెత్తి, "మద్యం తాగి బండి నడిపారా?" అనేసరికి, పాడు నోరు, "మద్యం కాదు మేడం, కల్లు..." అంది. ఆవిడ కలం ఆగింది. నా లైసెన్సు పోయింది అనుకున్నాను.

"తప్పు నాది మేడం!" వెనక బెంచీలోంచి మామ లేచి నిలబడ్డాడు. "పులిసిన కల్లు పోసిన. పొద్దుగాలది మూడింటికి పోసిన. పోరనికి తెల్వదు." ఆయన పక్కనే హెల్మెట్ కేసుకు వచ్చిన రుద్రంగి మనిషి ఒకడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. సాయంత్రానికి ఈ మాట ఊరంతా తిరుగుతుందని మామకు తెలుసు. పులిసిన కల్లు పోశానని గీతకార్మికుడు నలుగురిలో తన నోటితో చెప్పడం ఎప్పుడూ వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

"మీరెవరు? వకీలా?"

"మేనమామను మేడం."

ఆవిడ నవ్వలేదు. "పోసింది మీరైనా బండి నడిపింది ఆయన. కూర్చోండి" అని మామను కూర్చోబెట్టి, నన్ను చూసి, "ఒప్పుకుంటున్నారా?" అంది. "తప్పైంది మేడం" అన్నాను. జరిమానా వేసి, కోర్టు లేచేదాకా అక్కడే కూర్చోవాలని శిక్ష చెప్పింది. ఇంకోసారి దొరికితే లైసెన్సు ఉండదంది. అంటే ఈసారికి ఉందన్నమాట! ఎగిరి గంతేయాలనిపించింది గానీ, శిక్షలో ఉన్నాను కాబట్టి బుద్ధిగా వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను.

మామ వచ్చి పక్కన కూర్చున్నాడు. నేను ఉద్యోగం నిలిచిన సంతోషంలో, రేపు బండి ఎన్నింటికి తెచ్చుకోవాలి, మేనేజరుకు ఏం చెప్పాలి అని లెక్కలు వేసుకుంటున్నాను. మూడయింది, నాలుగయింది. మామ మాటిమాటికీ కిటికీలోంచి ఎండ వైపు చూస్తున్నాడు. "ఆకలైతుందా మామా?" అని అడిగాను. లేదన్నాడు. కోర్టు లేచి, మామతో పాటు నేనూ రుద్రంగి బస్సెక్కి, కథలాపూర్ దాటేసరికి చీకటి పడింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. చెట్టును పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గీయాలి. లేత చెట్టుకు ఒక పూట గీత తప్పిందా, దాంట్లో కల్లు మళ్లీ సరిగ్గా పారదు.

"మామా, నువ్వు మధ్యాహ్నమే పోవద్దా? శిక్ష నాకు గదా!"

"నిన్నొక్కన్ని ఆడ కూసోబెట్టి ఎట్ల పోత అల్లుడా" అన్నాడు మామ, నిద్రకళ్లతోనే.

ఆ కొత్త తాటిచెట్టు ఆ ఏడాది సరిగ్గా పారలేదు. మామ ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు, అత్త చెప్పింది. ఇప్పుడు నేనూ మేనేజరునయ్యాను, కొత్తగా చేరిన పిల్లలు ఏదో కాగితం పట్టుకుని, "సార్, వకీలును పెట్టుకోవాల్నా?" అని అడుగుతుంటారు. వాళ్లకు తోచిన సలహా ఏదో చెప్పి పంపిస్తాను. వాళ్లు పోయాక మాత్రం, మామ ఉండగానే, వకీలు లేకపోతే తన వెంట ఎవరూ లేనట్టేనని మూడు వారాలు బస్సుల్లో దిగులుపడ్డ ఆ ఇరవై నాలుగేళ్లవాడు గుర్తొచ్చి, ఒక్కణ్నే కూర్చుని కాసేపు నవ్వుకుంటాను.