వావిలాకు నూనె, పిన్నిగారి మోకాళ్ళు

స్టవ్ మీద నువ్వులనూనెలో వావిలాకు వేగుతోంది. ఘాటుగా, కాస్త చేదుగా ఉండే ఆ వాసన హాల్లోకి వచ్చేసరికి మా అమ్మాయి ముక్కు మూసుకుని తన గది తలుపు వేసుకుంది. నాకు మాత్రం పెనుగొండలో మా పక్కింటి కామేశ్వరి పిన్నిగారు గుమ్మంలో నిలబడి "అమ్మాయ్, ఉన్నావా?" అని పిలిచినట్టే ఉంటుంది. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. నా కుడిచెయ్యి ఈవేళ కత్తెర పట్టుకుంటోందంటే అది ఆవిడ పుణ్యమే.

పిన్నిగారి వాళ్ళది కిరాణా కొట్టు. కొట్టు సెలవున్న రోజు ఆవిడ నూనెలు కాచేవారు. జుట్టుకి గుంటగలగరాకు, ఒళ్ళు నొప్పులకి వావిలాకు. కడిగిన ఆకు నీడలో పూర్తిగా ఆరితే తప్ప మూకుడు దగ్గరకి రానిచ్చేవారు కాదు. కాచడం అయ్యాక దూదివత్తిని ఆ నూనెలో ముంచి వెలిగించి, చెవొగ్గి వినేవారు. ఆ సమయంలో ఎవరు మాట్లాడినా "ఉష్!" అనేవారు. వత్తి చిటపటలాడితే నూనెలో ఇంకా నీరున్నట్టు. మళ్ళీ సన్నసెగ మీదికి ఎక్కించాల్సిందే.

"మంట పెంచితే త్వరగా అయిపోతుంది కదండీ?" అన్నాను ఒకసారి.

"ఆకు మాడిపోతుందమ్మా. మాడిన నూనె ఎవరికి రాస్తాం?" అన్నారు.

ఆ రోజుల్లోనే పెరట్లో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. కట్టు విప్పాక డాక్టరుగారు వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ ఉండమన్నారు. నొప్పికి భయపడి నేను చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. కత్తెర పట్టుకుంటే జారిపోయేది. జాకెట్లు కుట్టడం తప్ప నాకు మరో పని రాదు. మిషన్ మీద దుప్పటి కప్పేసి, ఇక ఎవరికైనా ఇచ్చేద్దామని మావారితో అన్నాను. ఆ మాట గోడ అవతల పిన్నిగారి చెవిన పడినట్టుంది.

సాయంత్రం గోరువెచ్చటి నూనెగిన్నెతో వచ్చారు. నా చేతికి రాస్తారనుకున్నాను. గిన్నె నా ముందు పెట్టి, పీట మీద కూర్చుని కాళ్ళు చాపారు.

"మోకాళ్ళు పీకేస్తున్నాయమ్మా. మా కోడలికి తీరిక లేదు. కాస్త రాసిపెట్టు."

"ఈ చేత్తోనా పిన్నిగారూ?"

"మరి ఎడమచేత్తో రాస్తావా ఏంటి? నాకు అచ్చిరాదు."

పెద్దావిడ అడిగితే కాదనలేకపోయాను. మొదట్లో అరచెయ్యి ఆనించడమే గగనమయ్యేది. "అక్కడ కాదు, ఇంకాస్త గట్టిగా" అని రోజూ విసుక్కునేవారు. నొప్పికి నాకు కళ్ళనీళ్ళు తిరిగితే ఆవిడ వీధిలోకి చూస్తూ కూర్చునేవారు. మెల్లగా నా వేళ్ళు ముడుచుకోవడం మొదలైంది.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి చినుకులు పడ్డాయి. పిన్నిగారి డాబా మీద వడియాలున్నాయి. గోడ దగ్గరికొచ్చి నేను కేకేసేలోగా ఆవిడ కుచ్చిళ్ళు ఎగదోపుకుని మెట్లెక్కి పరుగెత్తారు. వడియాల చాటతో అదే పరుగున దిగుతూ, నన్ను చూసి ఆగిపోయారు.

"మీ మోకాళ్ళు, పిన్నిగారూ..."

"అంతా నీ చేతి చలవే తల్లీ," అన్నారు నవ్వకుండా. "సాయంత్రం గుడ్డ తెస్తాను, నాకో జాకెట్టు కుట్టు."

నేను లోపలికెళ్ళి మిషన్ మీది దుప్పటి తీశాను.

ఇప్పుడు వత్తి వెలిగించి చూశాను. చప్పుడు లేకుండా నిలకడగా వెలిగింది. ఎదురింటి సుజాత బండి మీద నుంచి పడింది. కట్టు విప్పి వారమైనా చేతిని కొంగులో దాచుకునే తిరుగుతోంది. నూనెగిన్నెతో బయల్దేరుతుంటే మా అమ్మాయి తలుపు తీసింది.

"ఎక్కడికమ్మా?"

"భుజం పట్టేసిందే. సుజాత చేత రాయించుకుని వస్తాను."

"పొద్దున్నే అన్ని బట్టలూ ఆరేశావు! ఏ భుజం?"

ఏ భుజమో నేనింకా అనుకోలేదు.