మామా మోకాళ్ళ నొప్పి

మొన్న సెలవురోజు శుక్రవారం, ఈ అరబ్బు దేశంలో, రిగ్గై పేటలో మన కోనసీమవాళ్ళు చేరే గదిలో అందరం కింద కూర్చుని భోంచేశాక, లేవబోతే మోకాళ్ళు మొరాయించి అలాగే ఉండిపోయాను. ఇద్దరమ్మాయిలు చెరో రెక్కా పట్టుకుని లేపుతుంటే, నన్ను పిన్నీ అని పిలిచే పిల్లలే అయినా, సిగ్గుతో తలెత్తుకోలేకపోయాను. వచ్చే వారం రాలేను, పనుందని చెప్పేద్దామని బస్సెక్కుతూనే నిశ్చయించుకున్నాను. మన ఈడువాళ్ళకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆ బస్సులోనే, రుమైథియా పేటలో నేను చాలా ఏళ్ళు పనిచేసిన అరబ్బుల ఇంటి పెద్దావిడ, పనివాళ్ళమంతా అమ్మా అన్నట్టు మామా అని పిలిచే ఆవిడ, గుర్తొచ్చింది. కొత్తలో ఆవిడ గలగలా నవ్వే మనిషి. వారం వారం నన్ను వెంటబెట్టుకుని చెల్లెలింటికి వెళ్ళి, తివాచీ మీద చెల్లెలి పక్కనే చేరి, చాయ్ తాగుతూ చుట్టపక్కాలందరినీ ఏకిపెట్టేది. తర్వాత మోకాళ్ళు పట్టేశాయి. ఒకనాడు అక్కడ లేవలేక మూలిగితే పడుచువాళ్ళెవరో కిసుక్కుమన్నారు. ఆనాటితో వెళ్ళడం మానేసింది. చెల్లెలు ఫోన్ చేస్తే ఒకసారి ఎండ అనేది, ఒకసారి మీ వంటలో నూనె ఎక్కువ అనేది. నేను కాళ్ళు పడుతుంటే నా చెయ్యి పట్టుకుని, "నా నొప్పి సంగతి దానికి తెలియనివ్వకు. ముసలిదైపోయిందని జాలిపడుతుంది" అంది. సరేనన్నాను. వంటకి వంక పెట్టిందని చెల్లెలు అలిగింది, ఈవిడా పంతం పట్టింది. ఆ నవ్వు పోయింది. చాయ్‌లో చక్కెర కాస్త తగ్గినా నామీద కసిరేది; ఆ కోపం మోకాళ్ళదని తెలుసు గనక నేను పట్టించుకునేదాన్ని కాదు.

ఇంతలో చెల్లెలు పోయింది. పరామర్శకి మామాని నడిపించుకుని వెళితే, ఆ గదిలో తివాచీ లేదు, చుట్టూ ఎత్తు కుర్చీలున్నాయి. వచ్చేవాళ్ళ కోసం వేశారా అని మామా అడిగితే, చెల్లెలి కూతురు తలొంచుకుని, "అమ్మ ఎన్నాళ్ళ నుంచో కింద కూర్చోలేకపోయేది పెద్దమ్మా. నీకు మాత్రం చెప్పొద్దంది" అంది.

మామా ఆ కుర్చీలో కూలబడి ఒంటి మీది నల్లటి పైవస్త్రం, ఆ అబాయా అంచుతో ముఖం కప్పుకుంది. నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డాను. ఒక్క మాట నా నోట జారి ఉంటే ఆ అక్కాచెల్లెళ్ళు కుర్చీల్లోనైనా పక్కపక్కన కూర్చునేవారు కదా అని ఈనాటికీ సిగ్గుపడతాను.

ఇప్పుడు ఆ పేటలో ఏ ఇంట చూసినా సోఫాలూ లిఫ్టులూ, మోకాళ్ళకి కావలసినవన్నీ అమరాయి. మామా మాత్రం పోయేదాకా ఒక్కతే కూర్చుంది.