ఇంజనుకి ఊపిరి, పెళ్ళానికి తెల్ల ప్యాంటు

ఆ వీధి టైలరుకి నోరు తక్కువ, చెయ్యి పదును. చీకట్లో కూడా సూదిలో దారం ఎక్కించేస్తాడు గానీ, ఎదురుగా నిలబడ్డ పెళ్ళాం మొహంలో కోపం మాత్రం పట్టపగలే కనపడదు.

పెళ్ళాం నర్సు. ఊరి చివర ఆస్పత్రికి పొద్దున్నే బస్సులుండవు. వాళ్ళ నాన్న పోతూ వదిలిపోయిన పాతకాలం మోటారుసైకిలు మీదే డ్యూటీకి పోతుంది. ఆ బండి వయసులో ఆమె కన్నా పెద్దది. నడిచినంతసేపూ ఇంజను పక్కనున్న గొట్టంలోంచి నూనె తుంపర చిమ్ముతుంది. తెల్ల ప్యాంటు ఎడమకాలు మోకాలి దాకా మచ్చలే.

"కట్లు కట్టేవాళ్ళం మనం. నూనె డబ్బాలో దొర్లొచ్చినట్టు వస్తే ఎట్లాగమ్మా? బండైనా మార్చు, పనైనా మానుకో" అని పెద్ద నర్సు తేల్చేసింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, బండి కొనేవాణ్ణి ఆదివారం రమ్మన్నానని మొగుడితో ఒక్క ముక్క చెప్పి, వంటింట్లోకి పోయి తలుపేసుకుంది. నాన్న పోయిన రోజున కూడా అలా తలుపేసుకోలేదు.

టైలరు ప్రాణం ఉసూరుమంది. ఎంతైనా టైలరు బుర్ర కదా, కన్నం కనిపిస్తే కుట్టెయ్యమంటుంది. మందపాటి గుడ్డతో సంచీ కుట్టి, గొట్టం మూతికి తొడిగి, ఊపిరాడకుండా బిగించి ముడేశాడు. తన పనితనానికి తనే మురిసిపోయాడు కూడాను. మర్నాడు ఆమె వీధి మలుపు తిరిగిందో లేదో, ఇంజను అతుకులన్నిట్లోంచీ నూనె తన్నుకొచ్చింది.

"ఇన్నాళ్ళూ ఒక్క కాలే పాడయ్యేది. నీ పుణ్యమా అని రెండు కాళ్ళకీ న్యాయం జరిగింది!" అంది నర్సు.

టైలరు బండి తోసుకుంటూ ఆమె మేనమామ షెడ్డుకి పోయాడు. ఆయన మెకానిక్కు. సంచీ చూసి పగలబడి నవ్వాడు.

"ఏంటల్లుడూ, దీని ముక్కు కుట్టేశావా? నీ ముక్కు కూడా కుడతా, ఇలా రా!"

"కారుతోందని మూశాను మావయ్యా."

"కారడం కాదయ్యా, ఊపిరి అది. లోపల పిస్టను దిగినప్పుడల్లా కిందున్న గాలి ఎటు పోవాలి? దారి మూస్తే అతుకులు చీల్చుకుని వస్తుంది."

సంచీ పీకి, ఇంజను స్టార్ట్ చేసి, అల్లుడి చెయ్యి గొట్టం దగ్గర పెట్టాడు. వెచ్చటి గాలి అరచేతిని తోస్తోంది, మళ్ళీ వెనక్కి పీల్చుకుంటోంది. నిద్రపోయే పసిబిడ్డ ఛాతీ మీద చెయ్యి వేసినట్టుంది. ఇనప ముద్ద అనుకున్నది ఇన్నేళ్ళుగా తన గుమ్మంలోనే ఊపిరి తీస్తోంది!

"మరి నూనె?"

"గాలితో పాటు ఆవిరిలా వస్తోంది. అన్నం గిన్నె మూతకి ఆవిరి తగిలి, నీరై మళ్ళీ గిన్నెలోకే కారుతుందా లేదా? దీనికీ ఒక మూత కావాలి."

లావుపాటి గొట్టం పెట్టి సీటు అడుగు దాకా పైకి తీసుకెళ్ళారు. అక్కడ ఒక చిన్న డబ్బా, అందులో టీ వడకట్టే జాలీలు చుట్టచుట్టి పెట్టారు. నూనె జాలీకి పట్టుకుని వెనక్కి జారిపోతుంది, గాలి మాత్రం పైకి పోతుంది. పోయిన గాలి మళ్ళీ లోపలికి రాకుండా డబ్బా మూతికి పల్చటి రబ్బరు రెప్ప కావాలి. మెకానిక్కు కోసినవన్నీ వంకరే.

"తప్పుకో మావయ్యా" అని టైలరు కత్తెర తీసుకుని, జాకెట్టు మెడ కోసినంత నాజూగ్గా గుండ్రంగా కోశాడు. గాలి తోసినప్పుడల్లా ఆ రెప్ప తెరుచుకుంటోంది, వెంటనే మూసుకుంటోంది.

ఆదివారం కొనేవాడు వచ్చాడు. నర్సు ఉతికిన తెల్ల ప్యాంటు వేసుకుని, ఆస్పత్రి దాకా పోయి తిరిగొచ్చింది. దిగి రెండు కాళ్ళూ అటూ ఇటూ తిప్పి చూసుకుంది. మల్లెపువ్వులా ఉంది ప్యాంటు.

"బాగుందమ్మా బండి. ఎంతకిస్తారు?"

"ఇస్తానని ఎవరన్నారు? మంచినీళ్ళు తాగి వెళ్ళండి" అంది నర్సు, తాళంచెవి గుప్పిట్లో బిగించి.

అతను దిక్కుతోచక టైలరు వైపు చూశాడు. టైలరు ఈ లోకంలో లేడు. రోడ్డు మీదే గొంతుక్కూర్చుని, డబ్బా మూతిని అరచేత్తో తడిమి, చేతికి నూనె అంటకపోవడం చూసి కళ్ళు పెద్దవి చేసుకుని ఉండిపోయాడు.