గడువు దాటిన ఫిల్ములో నాయన

మా చిన్నప్పుడు... వాన రాని ఏడు నాయన గొర్రెలు తోలుకుని మేత దొరికే చోటికి వలస పోయేవాడు. ముదిగుబ్బ పక్కన మా ఊరు. నాలుగు నెలలు ఆయన జాడే తెలిసేది కాదు. ఫోన్లు ఎక్కడివి...

అట్లా పోయిన ఒక ఏడు మా చెల్లెలికి పది నెలలు. తిరిగొచ్చేసరికి బిడ్డ తనను మరిచిపోతుందేమోనని నాయనకు ఒకటే దిగులు. అమ్మ తమ్ముడు, మా మామ, కదిరిలో ఫోటో స్టూడియోలో పని చేసేవాడు. బిడ్డకు చూపించేందుకు నాయన ఫోటో తీసి ఉంచుదామని, అప్పటికప్పుడు ఫోటో బయటికొచ్చే కెమెరా ఒకటి అడిగి తెచ్చాడు. లోపల రెండే ఫిల్ములు.

"డేటు అయిపోయినాది. వస్తే వస్తాది, లేకుంటే లేదు. నన్ను అనొద్దు బావా" అని ముందే చెప్పాడు.

మొదటిది తీశాడు. కెమెరా కిర్రుమని తెల్లటి అట్టను బయటికి తోసింది. అందరం దాని మీదికి వంగాం... ఎంతసేపు చూసినా గోధుమరంగు మరకలు తప్ప ఏమీ రాలేదు.

రెండోదానికి నాయన తలగుడ్డ సర్దుకుని, ఊపిరి బిగపట్టి నిలబడ్డాడు. వచ్చిన అట్టను మామ వెలుగు తగలకుండా చొక్కా లోపల పెట్టుకున్నాడు. అప్పటికే మందలు రోడ్డెక్కాయి, తోటివాళ్లు కేకలేస్తున్నారు. నాయన చూడకుండానే వెళ్లిపోయాడు.

బొమ్మ వచ్చింది... పాలిపోయి, పసుపు తిరిగి, ఒక పక్కంతా చారలతో. కానీ ఆ కళ్లు, ఆ మీసం నాయనవే.

రోజూ పొద్దున్నే చెల్లెల్ని ఎత్తుకుని, వాకిట్లో ఎండలో ఆ ఫోటో చూపించేదాన్ని. "నాయన" అని పలికించేదాన్ని.

నెల తిరిగేసరికి మీసం పలచబడింది. ఆ తర్వాత ఒక కన్ను మసకబారింది. ఇక్కడ ఫోటోలో ముఖం చెరిగిపోతుంటే అక్కడ నాయనకేమైనా అవుతోందేమోనని ఒకటే భయం... అమ్మకు చెప్పే ధైర్యం లేదు. బియ్యం డబ్బాలో అడుగున దాచేశాను.

ఒకరోజు అది అమ్మ చేతికి తగిలింది. ఏడుస్తూ అంతా చెప్పేశాను. అమ్మ దాన్ని చాలాసేపు చూసింది.

"ఎండకు పెట్టినావు గదా, అందుకే పోయినాది. మీ నాయనకేమీ కాలేదులే" అంది.

అంది గానీ... ఆ రోజు నుంచి పొద్దు వాలితే అమ్మ కూడా రోడ్డు వైపే చూసేది.

చెప్పిన గడువు దాటిన పదిహేను రోజులకు నాయన వచ్చాడు. చిక్కి, గడ్డం పెరిగి ఉన్నాడు. చెల్లెలు అమ్మ కొంగులో దూరి ఏడ్చింది. ఫోటోలోలాగే చెరిగిపోయి ఉంటుందేమోనని నాకు నాయన ముఖం చూడాలంటే భయమేసింది. ఆయన దగ్గరికి రాకుండా గడప మీదే కూర్చున్నాడు.

"తొందరేముంది... ఈడే ఉంటా గదా. దానంతట అదే రానీ" అన్నాడు.

మూడో రోజు చెల్లెలు తప్పటడుగులు వేసుకుంటూ పోయి ఆయన వేలు పట్టుకుంది. నాయన కదల్లేదు. చాలాసేపు అలాగే కూర్చుండిపోయాడు.

ఇప్పుడు గొర్రెల కాపర్లు మేతకు పోయిన చోటు నుంచే పిల్లలతో వీడియోలో మాట్లాడుతున్నారు. మంచిదే... ఆ భయం ఏ పిల్లకూ వద్దు. కానీ ఒక్క ముఖాన్ని అంత ఆశగా చూసుకునే తీరిక ఇప్పుడు ఎవరికుంది...

మీ ఇంట్లోనూ ఎవరినో మరిచిపోకూడదని దాచుకున్న ఫోటో ఉంటే, ఆ మనిషి గురించి రెండు మాటలు రాయండి... చదవాలని ఉంది.