జుమా అన్నను వెక్కిరించిన శుక్రవారం

మా చిన్నప్పుడు... ఒమాన్‌లోని మత్రాలో, సాయంత్రం రేడియోలో జుమా అన్న పాట మొదలైతే చాలు, మా గల్లీ అంతా గప్‌చుప్ అయ్యేది. కుట్టుమిషన్లు ఆగిపోయేవి. పొయ్యి మీద కూర మాడినా ఎవరూ లేచేవాళ్లు కాదు...

డెబ్బైలనాటి మాట. గల్లీలో సగం ఇళ్లు ఆఫ్రికా పక్కనున్న జాంజిబార్ నుంచి తిరిగొచ్చిన ఒమానీలవి. నల్లని మనుషులు... ఇళ్లల్లో స్వాహిలి మాట్లాడుకునేవాళ్లు. వాళ్లలో రేడియో దాకా వెళ్లిన మొదటివాడు జుమా అన్న. మా పక్కింటి బీబీ మనవడు. బీబీ అంటే వాళ్ల భాషలో నానమ్మ. నాకూ బీబీయే.

మాది కరీంనగర్ వైపు. బాపు ఒక కంపెనీలో స్టోర్‌కీపర్. అమ్మ జ్వరంతో పడుకున్న వారం రోజులూ నేను తిన్నది బీబీ ఇంట్లోనే. జుమా అన్న చేపముళ్లు తీసి నా పళ్లెంలో పెట్టేవాడు. "తిను బింతీ" అనేవాడు... తిను బిడ్డా అని.

ఆ ఏడు ఈద్‌కు మైదానంలో స్టేజీ కట్టారు. మేమూ వెళ్లాం. జుమా అన్న తాగి ఎక్కాడు. రెండో చరణం మరిచిపోయాడు. డోలు వాయించే ముసలాయన లేచి చెయ్యి పట్టుకోబోతే, మైకులోనే బూతు తిట్టాడు. తూలి ఆ డోలు మీదే పడ్డాడు. పండుగపూట... అంతమంది ముందు...

ఆ శుక్రవారం కంపెనీలోని తెలుగువాళ్లు మా ఇంటికి భోజనానికొచ్చారు. నాకు అందరినీ అనుకరించడం బాగా వచ్చు.

"ఏదీ, ఆ పాటగాని లెక్క చెయ్యి బిడ్డా" అన్నాడు బాపు.

చేశాను. తూలాను, తిట్టాను, పడ్డాను. అందరూ పడీపడీ నవ్వారు.

"అంతా మంచిగున్నది గానీ రంగే తక్కువైంది" అని ఎవరో అన్నారు. ఎవరన్నారో ఇప్పుడు గుర్తులేదు. వంటింట్లోకి ఉరికి, పెంక అడుగున మసి తీసి మొహమంతా పూసుకున్నది మాత్రం నేనే...

రెండోసారి పడి లేచేసరికి గుమ్మంలో బీబీ. చేతిలో మందాజీల పళ్లెం... మన బూరెల్లా ఉండేవి అవి. వేడివేడిగా మా కోసమే తెచ్చింది.

నవ్వులు ఆగిపోయాయి. బీబీ పళ్లెం కింద పెట్టి నా దగ్గరకొచ్చింది. భుజం మీది గుడ్డతో నా చెంపలు తుడిచింది. గట్టిగా కూడా తుడవలేదు. తర్వాత బాపు వైపు తిరిగి, వచ్చీరాని హిందీలో అంది...

"వాడు తాగాడు. తప్పే. ఇంట్లో నేనూ తిట్టాను. మరి నలుపేం చేసింది?"

బీబీ వెళ్లిపోయింది. ఆ మందాజీలు ఎవరూ ముట్టలేదు.

మర్నాడు జాంజిబార్ వాళ్లంతా ఆ డోలు ముసలాయన వాకిట్లో చాపలు పరుచుకుని కూర్చున్నారు. మా మిద్దె మీంచి చూశాను. జుమా అన్న క్షమించమని అడిగాడు. ముసలాయన ఊరుకోలేదు... ఆడవాళ్లు అసలే ఊరుకోలేదు. ఒకరి తర్వాత ఒకరు కడిగేశారు. ముసలాయన సరే అనేదాకా ఎక్కడా పాడొద్దన్నారు. అంతా అయ్యాక ఆ ముసలాయనే అన్నం పళ్లెం జుమా అన్న ముందుకు జరిపి, తనూ అందులోనే చెయ్యి పెట్టాడు.

ఆ తర్వాత బజారులో ఎవరైనా జుమా అన్న మీద జోక్ వేస్తే, ఆ రోజు తిట్టిన ఆడవాళ్లే వాళ్ల మీదికి వెళ్లేవాళ్లు.

రేడియో వాళ్లు మళ్లీ పిలవలేదు. మూడు నెలలకు గల్లీలో ఒక పసిపాపకు పేరు పెడుతుంటే ముసలాయన "ఇప్పుడు పాడు" అన్నాడు. జుమా అన్న పాడాడు. నడుమ ఒక మాట మరిచిపోయాడు... గల్లీ మొత్తం అందుకుని ఆ మాట పాడేసింది.

పాట అయ్యాక మా మిద్దె పైకి చూసి నన్ను పిలిచాడు. "బింతీ, దిగి రా!"

నేను పిట్టగోడ వెనక కూర్చుండిపోయాను.

మసి సంగతి బీబీ తనకు చెప్పిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. తెలియక పిలిచాడంటే సరే... తెలిసీ పిలిచాడేమో అన్నదే నన్ను వదలదు.

మరుసటి ఏడు బాపుకు ఎక్కడో దూరాన ఉన్న బురైమిలో డ్యూటీ పడింది. వెళ్లేరోజు అమ్మ, బీబీ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. నేను అందరికంటే ముందే బండెక్కి, అటు మొహం తిప్పుకుని కూర్చున్నాను. వాళ్లను మళ్లీ చూడలేదు.

ఇప్పుడు పేరున్నవాడు ఒకడు తూలితే చాలు... గంటలో అందరి ఫోన్లలో ఉంటాడు. తిట్టేవాళ్లకు లెక్కలేదు. తిట్టాక పక్కన కూర్చోబెట్టుకునేవాళ్లే కనబడరు. నాకూ వస్తాయి ఆ వీడియోలు. పంపబోయి ఆగిపోతాను... ఒక్కోసారి ఆగను కూడా.

మీరూ ఇలా వెక్కిరించి, క్షమించమని అడగలేకపోయిన మనిషి ఎవరైనా ఉన్నారా? ఉంటే కింద రాయండి... నేను మొదలుపెడతాను.

జుమా అన్నా, తప్పయింది.